పన్నెండు చేన్లు, ఒక 0.6

వానాకాలం పంట ఇంటికొచ్చాక హనుమకొండలో పరిశోధన చేసే పిల్లలు సర్వే కాగితాలు పట్టుకొని నా దగ్గరికి వస్తుంటారు. ఒకమ్మాయి నర్సంపేట వైపు 12 పత్తి చేన్లు తిరిగి నల్లరేగడి లోతు, ఎకరా దిగుబడి రాసుకొచ్చిందనుకుందాం. ఎక్సెల్‌లో లెక్క కడితే సహసంబంధ గుణకం, అంటే రెండు కొలతలు ఎంతగా కలిసి నడుస్తాయో -1 నుంచి 1 మధ్య చెప్పే అంకె, 0.6 వచ్చింది. "మంచి సంబంధమే కదా సార్?" అంటుంది. వీటి బదులు వేరే 12 చేన్లు తిరిగి ఉంటే ఎంత వచ్చేదమ్మా అని నేను అడుగుతాను.

ఆ తేడా ఎంత ఉండొచ్చో చెప్పేదే స్టాండర్డ్ ఎర్రర్, పాఠ్యపుస్తకాల్లో ప్రామాణిక దోషం. ఎక్సెల్‌లోని కోరెల్ ఫార్ములా గుణకం ఒక్కటే ఇస్తుంది. గణాంకాలకు వాడే ఆర్ సాఫ్ట్‌వేర్‌లో కార్.టెస్ట్ అని కొడితే టీ విలువ (గుణకం దాని స్టాండర్డ్ ఎర్రర్‌కు ఎన్ని రెట్లో), పీ విలువ (సంబంధమే లేకపోయినా ఇంత గుణకం యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం), 95 శాతం విశ్వాస అంతరం (అసలు గుణకం ఉండగల కింది, పై హద్దులు) కూడా వస్తాయి. స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం కనబడదు. పిల్లలకు అక్కడే టెన్షన్.

చేత్తో కట్టుకోవచ్చు. గుణకం వర్గాన్ని 1లోంచి తీసేస్తే 0.64. దాన్ని చేన్ల సంఖ్యకు 2 తక్కువతో, అంటే 10తో భాగించి వర్గమూలం తీస్తే 0.253. 0.6ను దీంతో భాగిస్తే 2.37 వస్తుంది, ఆర్ చూపించే టీ విలువ అదే. అసలు సంబంధమే లేదేమో అన్న అనుమానం తీర్చుకోవడానికి ఈ లెక్క సరిపోతుంది.

హద్దులు కావాలంటే మాత్రం ఇది పనికిరాదు. 95 శాతం హద్దులకు మామూలుగా చేసేట్టు 0.253కు 1.96 రెట్లు తీసుకొని 0.6కు కలిపితే 1.096 అవుతుంది. గుణకం 1 దాటనే దాటదు! 1 దగ్గర గోడ ఉంది కాబట్టి విలువలు అటువైపు ఇరుక్కుంటాయి, సున్నా వైపు పొడుగ్గా సాగుతాయి. గణాంక శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ 1915లో ఈ వంకర ఆకారాన్ని గణితంగా తేల్చి, 1921లో దాన్ని సరిచేసే దారి చూపించాడు. 1కి 0.6 కలిపితే 1.6, 1లోంచి తీసేస్తే 0.4; 1.6ను 0.4తో భాగిస్తే 4. దాని సహజ లాగరిథమ్‌లో సగం 0.693. ఈ కొత్త కొలతలో స్టాండర్డ్ ఎర్రర్ చేన్ల సంఖ్యకు 3 తక్కువ, అంటే 9, దాని వర్గమూలంతో 1ని భాగిస్తే వచ్చేది, దాదాపు 0.333. గుణకం ఎంతైనా ఇది మారదు, నాకు ఇప్పటికీ ముచ్చటేసే సంగతి ఇది. ఇక్కడ హద్దులు కట్టి పాత కొలతలోకి తెస్తే 0.04 నుంచి 0.87. ఆర్ ముద్రించే అంతరం ఇదే.

కిందికి 0.56, పైకి 0.27. ఇంత తేడాను ఒకే స్టాండర్డ్ ఎర్రర్ చెప్పలేదు. అందుకే థీసిస్‌లో అంతరమే రాయమంటాను. 0.04 అంటే సంబంధం లేనట్టే. ఆ కింది హద్దు చూడకుండా, అప్పు తెచ్చి విత్తనాలు కొనే రైతుకు సలహా చెప్పకూడదు. అదే 0.6 మరి 103 చేన్లలో వస్తే హద్దులు 0.46, 0.71 అవుతాయి.

సూత్రం మీద నమ్మకం కుదరకపోతే 1979లో గణాంక శాస్త్రవేత్త బ్రాడ్లీ ఎఫ్రాన్ చెప్పిన బూట్‌స్ట్రాప్ ఉంది. 12 చేన్లకు 12 చీటీలు రాసి, ఒకటి తీసి మళ్లీ డబ్బాలో వేస్తూ 12 సార్లు తీయాలి, గుణకం కట్టాలి. కంప్యూటర్ ఇలా వేల సార్లు చేస్తుంది; ఆ గుణకాలు ఎంతగా చెదిరి ఉన్నాయో చూస్తే స్టాండర్డ్ ఎర్రర్, హద్దులు తెలుస్తాయి.

అయితే ఈ లెక్కలన్నీ ప్రతి చేనూ దేనికదే అనుకుంటాయి. 12లో ఎనిమిది ఒకే ఊరివైతే నేల, వాన, విత్తనం ఇచ్చిన దుకాణం కూడా ఒకటే కావచ్చు. అప్పుడు అసలు ఊగిసలాట తెరమీద కనబడినదానికంటే ఎక్కువే ఉండొచ్చు. అందుకే సర్వే కాగితంలో దిగుబడి పక్కన ఊరి పేరుకూ ఒక గడి పెట్టమంటాను.