2022 ఆంధ్రా పీఆర్సీ గొడవ వెనకున్న కథ

2022 ఫిబ్రవరి 3న విజయవాడ రోడ్ల మీద అంతమంది టీచర్లు, ఎన్జీవోలు (గెజిటెడ్ కాని ప్రభుత్వ ఉద్యోగులు) ఎందుకొచ్చారో తెలియాలంటే ముందు జీతం ఎలా పెరుగుతుందో చూడాలి. మన దగ్గర యూనియన్‌తో సంతకాలు పెట్టుకునే కాంట్రాక్టులేం ఉండవు, ఐదేళ్లకోసారి జీతాల సవరణకి పీఆర్సీ అనే కమిషన్ వేస్తారు, అది రిపోర్టిస్తుంది, ఫిట్‌మెంట్ (మూల జీతం మీద ఇచ్చే పెంపు శాతం) ఎంతో చివరికి ముఖ్యమంత్రి చెప్తారు, అంతే. అసలు సమస్య ఇక్కడే ఉందని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే కమిషన్ ఏం చెప్పినా సర్కారు దానికి కట్టుబడాలని లేదు. తెలంగాణలో బిస్వాల్ కమిషన్ 7.5 శాతం అంటే కేసీఆర్ 2021లో 30 ఇచ్చారు, అంటే లెక్క కన్నా రాజకీయమే ఎక్కువ పనిచేస్తుంది.

ఆంధ్రాలో 2015లో 43 శాతం ఫిట్‌మెంట్ వచ్చింది కాబట్టి తర్వాతి దానిమీద ఆశలు ఆ లెవెల్లోనే ఉన్నాయి. 2018లో అశుతోష్ మిశ్రా కమిషన్ వేశారు, 2019 జులై నుంచి జగన్ సర్కారు 27 శాతం ఐఆర్ (పీఆర్సీ తేలేదాకా ఇచ్చే మధ్యంతర భృతి) ఇచ్చింది, 2020లో రిపోర్ట్ కూడా అందింది కానీ యూనియన్లు ఎంత అడిగినా చూపించలేదు. ఈలోపు సీఎస్ (ప్రభుత్వ ప్రధాన కార్యదర్శి) కమిటీ 14.29 శాతం ఫిట్‌మెంట్ చాలంది. చివరికి 2022 జనవరి 7న 23 శాతం అని ప్రకటించారు, రిటైర్మెంట్ వయసు 62 చేశారు. తీసుకుంటున్న ఐఆర్ 27, వచ్చిన ఫిట్‌మెంట్ 23, అందుకే ఉద్యోగులు దీన్ని రివర్స్ పీఆర్సీ అన్నారు. పెండింగ్ డీఏలన్నీ (ధరల పెరుగుదలకి ఇచ్చే కరువు భత్యం) ఒకేసారి కలిపి ఇస్తున్నాం కదా, జీతం ఎక్కడ తగ్గింది అని సర్కారు అంది, కానీ ఆ డీఏలు ఎలాగూ ఉద్యోగులకి రావాల్సినవే కదండీ, పాత బాకీ తీర్చి దాన్ని పెంపు అంటే ఎవరు ఒప్పుకుంటారు?

జనవరి 17 జీవోలతో ఇంకా మండింది. సచివాలయంలో హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) 30 శాతం నుంచి 16కి పడింది, పల్లెల్లో 8కి దిగింది, సీసీఏ (నగరాల్లో ఖర్చులకి ఇచ్చే భత్యం) తీసేశారు, 70 నుంచి 80 ఏళ్ల లోపు పెన్షనర్ల అదనపు పెన్షన్ కూడా పోయింది, పైగా ఎక్కువిచ్చిన ఐఆర్ రికవరీ అన్నారు. అప్పటిదాకా ఎవరి దారిన వాళ్లున్న సంఘాలు పీఆర్సీ సాధన సమితిగా ఒక్కటయ్యాయి, సమ్మె నోటీసిచ్చాయి. ఫిబ్రవరి 3న పిలుపిచ్చిన చలో విజయవాడకి పోలీసులు అడ్డుపడ్డా జనం వచ్చారు.

రెండు రోజుల్లోనే, ఫిబ్రవరి 5 రాత్రి మంత్రుల కమిటీతో రాజీ కుదిరింది. రికవరీ ఆగింది, హెచ్ఆర్ఏ కొంత పెరిగింది, 70 ఏళ్లకి 7 శాతం, 75కి 12 శాతం అదనపు పెన్షన్ ఒప్పుకున్నారు. ఫిట్‌మెంట్ మాత్రం 23 దగ్గరే ఉండిపోయింది, దాంతో టీచర్ల సంఘాలు ఇది ఒప్పుకోం అని బయటికొచ్చేశాయి, వాళ్ల కోపం న్యాయమైందే. 2023 జులైలో 12వ పీఆర్సీకి చైర్మన్‌ని వేశారు, 2024లో సర్కారు మారాక ఆయన రిపోర్ట్ ఇవ్వకుండానే రాజీనామా చేశారు.