తర్వాతి బ్యాచ్‌కు ఏం మిగులుతోంది? కాలేజీ సేవా కార్యక్రమాల వెనక కథ

ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ మొదటి ఏడాది అయ్యాక చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు(సీఎస్‌పీ)కు ఉన్నత విద్యామండలి ఇచ్చిన మార్గదర్శకాల్లో ఓ మంచి మాట ఉంది. చివరి వారంలో విద్యార్థులు రాసే నివేదిక ప్రతిని స్థానిక పాలనా యంత్రాంగానికి ఇవ్వాలి, ఆ ఊరికి తర్వాత వెళ్లే బ్యాచ్‌కు అదే ఆధారం కావాలి అని. 180 గంటలు, 4 క్రెడిట్లు అన్న లెక్క ఏ విద్యార్థిని అడిగినా చెబుతారు. ఈ మాట మాత్రం ఎవరి నోటా వినపడదు. నివేదికలు స్పైరల్ బైండింగుతో వస్తాయి, వైవా అయిపోతుంది, కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందం వచ్చేదాకా కట్టలు బీరువాలో ఉంటాయి. మరుసటి ఏడు కొత్త పిల్లలు అదే వీధిలో అదే గుమ్మం ముందు నిలబడి మళ్లీ మొదటి ప్రశ్నే అడుగుతారు: "మీ ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?"

ఈ తెగిపోవడం ఇవాళ్టిది కాదు. చదువుకునే పిల్లల్ని ఊళ్లోకి పంపాలన్న ఆలోచన స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లోనే కాగితం మీదకు వచ్చింది. విద్యార్థుల సేవ స్వచ్ఛందంగా ఉండాలని రాధాకృష్ణన్ విశ్వవిద్యాలయ కమిషన్ చెప్పింది. 1959లో సి.డి. దేశ్‌ముఖ్ అధ్యక్షతన వేసిన కమిటీ ఇంకా ముందుకెళ్లి, హైస్కూలు ముగించి కాలేజీలో చేరబోయేవాళ్లకు తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా జాతీయ సేవ తప్పనిసరి చేయమంది. ఖర్చు చూసి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. వేరే దేశాల అనుభవం చూసి రమ్మని కె.జి. సైయిదైన్‌ను పంపితే, ఆయన కూడా స్వచ్ఛందమే మేలన్నాడు. 1964-66 కొఠారీ కమిషన్ చదువులోని అన్ని దశల్లోనూ ఏదో ఒక సామాజిక సేవ ఉండాలంది. అప్పటికి చైనా యుద్ధం తర్వాత కాలేజీల్లో ఎన్‌సీసీ తప్పనిసరి అయి ఉంది. 1967లో రాష్ట్రాల విద్యామంత్రులు కూర్చుని, ఎన్‌సీసీకి బదులు వేరేదేదైనా ఎంచుకునే వీలుండాలని తేల్చారు. అలా వచ్చిందే జాతీయ సేవా పథకం (ఎన్‌ఎస్‌ఎస్). 1969 సెప్టెంబరు 24న అప్పటి కేంద్ర విద్యామంత్రి వి.కె.ఆర్.వి. రావు 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మంది విద్యార్థులతో దాన్ని మొదలుపెట్టారు.

ఇన్నేళ్ల చర్చ అంతా తప్పనిసరా, స్వచ్ఛందమా, డబ్బెవరిది అన్నవాటి చుట్టూనే తిరిగింది. ఒక బ్యాచ్ పని ఇంకో బ్యాచ్‌కు ఎలా చేరాలన్నది పెద్ద ప్రశ్నగా ఎక్కడా ముందుకు రాలేదు. ఎన్‌ఎస్‌ఎస్ కొలత గంటల్లో పెట్టారు: ఏడాదికి 120, రెండేళ్లకు 240, మధ్యలో దత్తత గ్రామంలో ఏడు రోజుల ప్రత్యేక శిబిరం. గంటలు విద్యార్థి ఖాతాలో పడతాయి. ఊరికంటూ ఒక ఖాతా లేదు. 1970లలో శిబిరాలకు కరువు మీద యువత, మురికి-రోగాల మీద యువత, చెట్ల పెంపకం, గ్రామ పునర్నిర్మాణం అంటూ ఇతివృత్తాలు మారుతూ వచ్చాయి. ఏ ఇతివృత్తమూ చెడ్డది కాదు. కానీ నిరుడు నాటిన మొక్కకు ఈ ఏడు నీళ్లు పోయడం ఈ ఏటి ఇతివృత్తంలో ఉండదు కదా.

డబ్బు సంగతి చూద్దాం. చాలా ఏళ్లు అమల్లో ఉన్న లెక్క ప్రకారం మామూలు కార్యక్రమాలకు ఏడాదికి వాలంటీరుకు రూ.250, ప్రత్యేక శిబిరానికి తలకు రూ.450 ఉండేది. యాభై మంది శిబిరమంటే రూ.22,500. ఏడు రోజులకు పంచితే మనిషికి రోజుకు 64 రూపాయల చిల్లర. తిండి, ప్రయాణం, టెంటు, బ్యానరు అన్నీ అందులోనే. అందుకే శిబిరం బాగా జరిగిందంటే సాధారణంగా ఆ ఊరి సర్పంచో, రైసుమిల్లు యజమానో బియ్యం ఇచ్చాడని అర్థం. బియ్యం ఇచ్చే ఊరు ఏటా మారితే దత్తత గ్రామమూ మారుతుంది.

ఇక మనిషి సంగతి. వంద మంది వాలంటీర్ల యూనిట్‌కు ఒక ప్రోగ్రామ్ ఆఫీసర్. ఆయనకు మూడేళ్లు, మహా అయితే ఇంకో ఏడాది పొడిగింపు. ఒకరే పాతుకుపోకూడదన్న ఉద్దేశం మంచిదే. కానీ దిగిపోయేవాళ్లు, ఎక్కేవాళ్లు కలిసి పనిచేసే కాలం ఒక్క నెల కూడా ఉండదు. ప్రభుత్వ కాలేజీల్లో బదిలీలు దీనికి తోడు. చార్జి అప్పగింతలో క్యాష్‌బుక్, స్టాక్ రిజిస్టర్, వినియోగ ధ్రువపత్రాలు చేతులు మారతాయి, ఎందుకంటే ఆడిట్ అడిగేది అవే. ఊళ్లో ఏ వీధివాళ్లు పని చేసిపెడతారు, ఎవరికి ఏ మాట ఇచ్చి వచ్చాం, ఏ పని సగంలో ఆగింది అనేవి పాత ప్రోగ్రామ్ ఆఫీసర్ ఫోన్లోనే ఉండిపోతాయి.

ఎన్‌ఎస్‌ఎస్ మొదలైన కాలంలోనే అమెరికాలో ఇంకో దారి పడింది. 1960ల చివర్లో రాబర్ట్ సిగ్మన్, విలియం రామ్సే 'సర్వీస్ లెర్నింగ్' అన్న మాటను వాడుకలోకి తెచ్చారు. అక్కడ సేవను కోర్సుకు కట్టారు. సేవతోపాటు చదువూ జరగాలి, దానికి మార్కులుండాలి. కోర్సు డిపార్టుమెంటుది కాబట్టి అధ్యాపకుడు మారినా సిలబస్ నిలుస్తుంది. మన ఎన్‌ఎస్‌ఎస్ తరగతి బయట పెరిగింది. 2014లో వచ్చిన కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ ఐదు గ్రామాల దత్తత, ఇంటింటి సర్వే అడిగింది. 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో సీఎస్‌పీ వచ్చాక సేవ తొలిసారి ప్రతి విద్యార్థికీ గ్రేడ్ మెమోలోకి ఎక్కింది. ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌సీసీ మామూలు కార్యక్రమాలను దీని కింద చూపకూడదనీ అన్నారు. ఫలితంగా ఒకే కాలేజీ నుంచి ఒకే ఊరికి మూడు పథకాల పేరుతో మూడు సర్వే ఫారాలు వెళ్లడం మామూలైంది. ఊరివాళ్లు విసుక్కుంటే తప్పు వాళ్లది కాదు.

క్రెడిట్లు నిలకడ తెస్తాయనుకున్నారు. కొంత తెచ్చాయి, ఏటా బ్యాచ్ కచ్చితంగా వెళ్తోంది. భారం మాత్రం జట్లను చూసుకునే అధ్యాపకుడి (మెంటార్) మీద పడింది. అరవై మంది సెక్షన్‌ను ఐదుగురేసి చేస్తే 12 జట్లు. ఒక్కో జట్టును మూడుసార్లు చూడాలన్నా 36 ప్రయాణాలు, అవీ వేసవి సెలవుల్లో, చాలాచోట్ల సొంత పెట్రోలుతో. అంత తిరగలేనప్పుడు లాగ్‌బుక్ మీద సంతకాలు చివరిరోజు ఒకేసారి పడతాయి. ఆ సందులోంచే డీటీపీ సెంటర్ల రెడీమేడ్ నివేదికలు దూరాయి. ఊరిపేరు మార్చి, ఫొటోలు మార్చి అమ్ముతారు. పట్టుకోవడం తేలికే: ఇళ్ల సంఖ్య గ్రామ సచివాలయం లెక్కతో పోల్చండి, నిరుటి నివేదిక పక్కన పెట్టండి. కాకపోతే నిరుటి నివేదిక చేతికి అందాలి.

ఏళ్ల తరబడి సాగితేనే విలువుండే పనికి తాగునీటి పరీక్ష మంచి ఉదాహరణ. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే ఫ్లోరోసిస్‌ను మన దేశంలో మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఇప్పటికీ కనిగిరి ప్రాంతంలోనో, నల్గొండ జిల్లా మర్రిగూడ వైపో ఉన్న కాలేజీ కెమిస్ట్రీ విభాగానికి ఇంతకన్నా దగ్గరి పని దొరకదు. తాగునీటిలో ఫ్లోరైడ్ ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీరు లేనిచోట 1.5 దాకా అనుమతి. వేసవికీ వానల తర్వాతకీ అంకె మారుతుంది, ఎటు మారుతుందన్నది ఊరినిబట్టి. కాబట్టి ఒక్క మే నెల అంకెతో ఏమీ చెప్పలేం. కనీసం నాలుగైదేళ్లు, ఏడాదికి రెండుసార్లు, అవే బోర్ల నుంచి తీయాలి.

ఎక్కువగా చెడేది ఈ 'అవే బోర్లు' అన్న దగ్గరే. ఒక బ్యాచ్ 'రామాలయం వెనక బోరు' అని రాస్తుంది. రెండేళ్లకు గుడి వెనక రెండో బోరు పడుతుంది. అంతే, పాత అంకెలన్నీ వృథా. బోరుకు నంబరిచ్చి, ఫోన్లో అక్షాంశ రేఖాంశాలు చూసి రాసి, గట్టు మీద పెయింటుతో అదే నంబరు వేస్తే ఈ బాధ తప్పుతుంది. నమూనా గాజుసీసాలో కాక ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, అదే నీటితో రెండుసార్లు తొలిచి. చేతిపంపును ముందు ఐదు నిమిషాలు కొట్టాలి, గొట్టంలో నిలిచిన నీరు పోవడానికి. ఏ పద్ధతిలో కొలిచారో రాయకపోతే కూడా పోలిక కుదరదు. రంగు చూసి పోల్చే కిట్, అయాన్ మీటరు ఒకే అంకె ఇవ్వవు.

నిలకడకు అవసరమైన ఏర్పాట్లు చిన్నవే. ఊరికో రిజిస్టరు, వ్యక్తి పేరున కాక డిపార్టుమెంటు పేరున. అందులో ఊరి పటం, ఇప్పటికే అడిగిన ప్రశ్నలు, ఇచ్చిన మాటలు, ఆగిపోయిన పనులు, ఎవరిని కలవాలన్నది పేరుతో కాక హోదాతో: పంచాయతీ కార్యదర్శి, ఏఎన్‌ఎం, అంగన్‌వాడీ టీచర్. సమన్వయకర్తలు ఇద్దరుండి, ఒకరు దిగే ఏడు రెండోవారు దిగకూడదు. కొత్త బ్యాచ్ మొదటి వారం కనీసం ఇద్దరు సీనియర్లు వెంట వెళ్లాలి. సర్వేకి పొద్దున పది గంటలకు వెళ్తే ఇళ్లకు తాళాలుంటాయి, వేసవిలో ఊరంతా ఉపాధి పనిలోనో పొలంలోనో ఉంటుంది. సాయంత్రం ఐదు తర్వాతే మనుషులు దొరుకుతారు. ఇదీ రిజిస్టరులో రాసి ఉంటే ప్రతి బ్యాచ్ మూడు రోజులు పోగొట్టుకుని తెలుసుకోనక్కర్లేదు.

ఇక పంచాయతీకి ఇచ్చే నివేదిక. యాభై పేజీల ఇంగ్లిషు బైండింగ్ ఇస్తే అది అక్కడి బీరువాలోకి పోతుంది. రెండు పేజీలు, తెలుగులో, బోరు నంబరు, దాని ఎదురుగా అంకె, నిరుటి అంకె. గ్రామసభలో కార్యదర్శి చదివి వినిపించడానికి పది నిమిషాలు కూడా పట్టదు.