మందలింపు నుంచి మాటామంతీకి: నర్సింగ్ క్లినికల్ శిక్షణలో మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ నేపథ్యం

క్లినికల్ పోస్టింగ్‌లో ఉన్న విద్యార్థిని ప్రొసీజర్ అనగానే వెనక్కి తగ్గుతుంది, చార్టింగ్ (రోగి వివరాల నమోదు) వాయిదా వేస్తుంది, ఉన్నట్టుండి డ్యూటీకి రావడం మానేస్తుంది. ఇన్‌స్ట్రక్టర్లు తరతరాలుగా చేస్తున్నది ఒకటే: నలుగురిలో నిలబెట్టి మందలించడం, అది పనిచేయకపోతే గొంతు పెంచడం. ఇప్పుడు దీనికి బదులుగా చెబుతున్నది మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్, అంటే వింటూ, అడుగుతూ, మారడానికి కారణాలు ఎదుటి మనిషే చెప్పుకునేలా చేసే సంభాషణ పద్ధతి. అది పుట్టింది మద్యపాన చికిత్సలో. విచిత్రమేమిటంటే, అప్పట్లో అక్కడి ఆనవాయితీ కూడా మందలింపే.

తాగేవాడు నిజం ఒప్పుకోడు, ఆ మొండితనాన్ని బద్దలు కొడితే తప్ప మారడు అన్నది 1970ల నాటి అమెరికాలో చాలా చికిత్సా కేంద్రాల నమ్మకం. అమెరికన్ మనస్తత్వవేత్త విలియం మిల్లర్, సహచరులు 1980లో ప్రచురించిన అధ్యయనం ఇంకో సంగతి బయటపెట్టింది. చికిత్సకులందరూ ఒకే పద్ధతి పాటించినా, ఎదుటివారి మాటను సహానుభూతితో విన్నవారి దగ్గరికి వచ్చినవాళ్లే తాగుడు ఎక్కువగా తగ్గించారు. 1982లో మిల్లర్ నార్వేలోని బెర్గెన్ దగ్గర ఒక క్లినిక్‌లో యువ మనస్తత్వవేత్తలతో పనిచేస్తూ సంభాషణలు నటించి చూపేవారు. వాళ్లు మధ్యలో ఆపి, ఈ ప్రశ్నే ఎందుకు అడిగారు, ఆ మాటనే ఎందుకు తిరిగి చెప్పారు అని నిలదీసేవారు. ఆ జవాబులే 1983లో వ్యాసంగా వచ్చాయి. 1989లో ఆస్ట్రేలియాలో మనస్తత్వవేత్త స్టీఫెన్ రోల్నిక్‌తో పరిచయమైంది, 1991లో ఇద్దరి పుస్తకం వెలువడింది. 1993లో మిల్లర్ బృందం ప్రచురించిన మరో అధ్యయనం మందలింపు సంగతి తేల్చేసింది: చికిత్సకుడు ఎంత నిలదీస్తే, ఏడాది తర్వాత మనిషి అంత ఎక్కువగా తాగుతున్నాడు.

నర్సింగ్‌లో సమస్య అంతకంటే పాతది. 1960లో మానసిక విశ్లేషకురాలు ఇజబెల్ మెంజీస్ లండన్‌లోని ఒక బోధనాసుపత్రిని పరిశీలించి, నర్సింగ్ విద్యార్థుల్లో దాదాపు మూడో వంతు మంది శిక్షణ మధ్యలోనే మానేస్తున్నారని, వారిలో ఎక్కువమంది తమంతట తామే వెళ్లిపోతున్నారని రాశారు. ఆందోళనను తట్టుకోవడానికి ఆసుపత్రి అల్లుకున్న కట్టుబాట్లే ఆ ఆందోళనను పెంచుతున్నాయన్నది ఆమె వాదన. కాలేజీలో నేర్పిన విలువలు వార్డులో చెల్లకపోవడం కొత్త నర్సులను ఎలా కుదిపేస్తుందో 1974లో నర్సింగ్ పరిశోధకురాలు మార్లీన్ క్రేమర్ వివరించారు. మధుమేహం, ధూమపానం వంటి వాటిలో రోగులతో మాట్లాడటానికి మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ నేర్చుకున్న నర్సులే తర్వాత దాన్ని విద్యార్థుల వైపు తిప్పడం సహజమే అనిపిస్తుంది.

ఆచరణలో అది ఎలా ఉంటుందో చూద్దాం. యూరినరీ కాథెటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) వేయడాన్ని తప్పించుకుంటున్న విద్యార్థిని ఇలా అంటుంది: “మేడం, మానెకిన్ బొమ్మ మీద బాగానే వేశాను. పేషెంట్ దగ్గరికి వెళ్తే చేతులు వణుకుతున్నాయి.” ఇన్‌స్ట్రక్టర్ నోటికి వెంటనే వచ్చేది “ఏం కాదులే, నేనున్నాగా, వెయ్యి” అన్న మాట. అక్కడే బెడిసికొడుతుంది. చేయాలనీ ఉంది, భయమూ ఉంది. ఇన్‌స్ట్రక్టర్ ‘చేయాలి’ పక్షం తీసుకుంటే విద్యార్థినికి మిగిలేది ‘చేయలేను’ పక్షమే. తన నోటితో ఆ వాదన ఎంత వినిపిస్తే అంత గట్టిపడుతుంది.

అందుకని ముందు విన్నదాన్ని తిరిగి చెప్పాలి: “పద్ధతి తెలుసు, పేషెంట్‌కి నొప్పి కలిగిస్తానేమోనని భయం.” చెప్పి ఆగాలి. తర్వాత కొలబద్ద ప్రశ్న: “0 నుంచి 10 దాకా వేసుకుంటే నీకు ఎంత నమ్మకం ఉంది?” “4.” ఇప్పుడు అడగాల్సింది “2 కాకుండా 4 ఎందుకన్నావు?” అని. స్టెరైల్ ఫీల్డ్ (క్రిములు సోకకుండా పరికరాలు పరిచే చోటు) తప్పు లేకుండా సర్దగలను, వరుస గుర్తుంది అంటూ తన బలాలు తనే చెబుతుంది. “8 ఎందుకు కాదు?” అంటే మాత్రం సాకుల జాబితా వస్తుంది. ఇక “5కి రావాలంటే ఏం కావాలి?” అంటే దారి తనే చూపిస్తుంది: రేపు మీరు వేస్తుంటే ట్రే అందిస్తాను, ఎల్లుండి మీరు పక్కనుండగా నేను వేస్తాను. ప్రణాళిక మధ్యలో మళ్లీ “కానీ మేడం” వినిపించిందంటే తొందరపడ్డట్టే. వెనక్కి వెళ్లి వినాలి.

ఇదంతా 10, 15 నిమిషాల పని. పేషెంట్ పక్కన, తోటి విద్యార్థుల ఎదుట వద్దు. డ్యూటీ అయ్యాక, “దీని గురించి మాట్లాడుకుందామా?” అని అడిగి మొదలుపెట్టాలి.

ఈ పద్ధతి పనికిరాని చోట్లు ఉన్నాయి. ప్రొసీజరే రాని విద్యార్థినికి కావలసింది చేసి చూపించడం. ఆమెను కొలబద్ద ప్రశ్నలు అడిగితే ఇద్దరి సమయమూ వృథా. చేయబోయేది తప్పు మోతాదైనా, స్టెరిలిటీ పోయినా అక్కడికక్కడ “ఆగు” అనాలి, సంభాషణ తర్వాత.

అన్నిటికంటే పెద్ద చిక్కు మార్కులు. భయం చెప్పుకోమని అడిగే మనిషి చేతిలోనే మూల్యాంకన పత్రం ఉంటే ఏ విద్యార్థిని నిజం చెబుతుంది? బ్రిటన్ నర్సింగ్, మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2018 ప్రమాణాల్లో రోజువారీ పర్యవేక్షించేవారిని, సామర్థ్యాన్ని నిర్ధారించేవారిని వేరు చేసింది. ఇది ఈ పద్ధతి కోసం చేసిన మార్పు కాకపోయినా దీనికి బాగా కలిసొస్తుంది. అలా వేరు చేసే వీలు లేనప్పుడు, ఏది మూల్యాంకనంలోకి వెళ్తుందో, ఏది వెళ్లదో ముందే చెప్పేయాలి. పేషెంట్ భద్రతకు సంబంధించినదేదీ దాచనని కూడా చెప్పాలి.

రెండు రోజుల వర్క్‌షాప్‌తో ఇది వచ్చేస్తుందనుకునే కాలేజీలు 2001 నాటి ఒక ఫలితం చూడాలి. మిల్లర్, మరో పరిశోధకురాలు ప్రొబేషన్ అధికారుల (జైలు బయట ఉన్న నేరస్థులను పర్యవేక్షించేవారి) వంటివారికి అలాంటి వర్క్‌షాప్ పెట్టి ముందూ వెనకా రికార్డింగులు పోల్చారు. వారి మాటతీరు కొంత మారింది గానీ ఎదుటివారి స్పందనలో తేడా రాలేదు. 2004లో 140 మంది చికిత్సకులతో జరిపిన పరీక్షలో, వర్క్‌షాప్ తర్వాత రికార్డింగుల మీద అభిప్రాయం చెప్పడమో కోచింగ్ ఇవ్వడమో కొనసాగించినప్పుడు నైపుణ్యం నిలిచింది. కాబట్టి ఇన్‌స్ట్రక్టర్లు ఇద్దరిద్దరుగా ఒక నటన సంభాషణను రికార్డు చేసుకుని, అడిగిన ప్రశ్నలెన్ని, తిరిగి చెప్పిన మాటలెన్ని అని లెక్కపెట్టడం మంచిది. ఈ రంగంలో వాడే కొలమానం ప్రకారం ఒక ప్రశ్నకు ఒక తిరిగి చెప్పిన మాట ఉంటే ఫర్వాలేదు, రెండు ఉంటే బాగు. మొదటి రికార్డింగులో ప్రశ్నలే వరుసగా వినిపిస్తే కంగారుపడనక్కర్లేదు. వైవా పరీక్షలు తీసుకునే అలవాటున్న నోరు కదా.