చిన్న కాంబో యాంప్ పలచగా పలుకుతోందా?

8 అంగుళాల స్పీకరు, 5 నుంచి 20 వాట్ల శక్తి, ఒంటిచేత్తో పట్టుకుని మేడెక్కగలిగే పెట్టె. ఇంట్లో సాధనకు కొనే గిటార్ యాంప్‌లు చాలావరకు ఇలాంటి కాంబోలే, అంటే యాంప్, స్పీకరు ఒకే పెట్టెలో ఉన్నవే. వాటి మీద ఫిర్యాదు కూడా దాదాపు ఒకటే: శబ్దం పలచగా ఉంది, రేకు డబ్బాలోంచి వస్తున్నట్టుంది. వెంటనే చెయ్యి బేస్ నాబ్ మీదకు పోతుంది. దాన్ని చివరిదాకా తిప్పితే నిండుదనం రాదు సరికదా, కింది తీగలు మీటినప్పుడల్లా స్పీకరు దబదబలాడి కార్డ్ (కలిపి మీటిన స్వరాలు) మొత్తం ముద్దయిపోతుంది.

కారణం కోన్ (స్పీకరులో ముందుకూ వెనక్కూ ఆడే గరాటు) కదలికలో ఉంది. మామూలు శ్రుతిలో గిటార్ ఆరో తీగ 82 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. శబ్దం అంతే గట్టిగా ఉండాలంటే, ఫ్రీక్వెన్సీ సగానికి తగ్గినప్పుడు కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం ఆడాలి. 165 హెర్ట్జ్ దగ్గర అర మిల్లీమీటరు కదిలే కోన్ 82 దగ్గరికి వచ్చేసరికి 2 మిల్లీమీటర్లు కదలాలన్నమాట. పైగా 8 అంగుళాల కోన్ వైశాల్యం 12 అంగుళాల కోన్‌లో సగం కూడా ఉండదు. ఆ లోటునూ కదలికతోనే పూడ్చుకోవాలి. గిటార్ స్పీకర్లను అంత దూరం కదిలేలా తయారు చేయరు. ఆ ప్రయత్నంలో యాంప్ ఉన్న కాస్త శక్తినీ ఖర్చు చేసి ముందుగానే క్లిప్ అవుతుంది (శక్తి చాలక శబ్దం తెగుతుంది), దానితోపాటు పై స్వరాలూ చెడతాయి.

మరి చిన్న స్పీకర్‌లో ఆరో తీగ వినపడటం లేదా? వినపడుతుంది. ఆ తీగ 82తో పాటు 165, 247, 330, 412 హెర్ట్జ్‌ల దగ్గర కూడా మోగుతుంది. ఈ హార్మోనిక్స్ స్పష్టంగా అందితే చాలు, అడుగున ఉన్న 82 బలహీనంగా ఉన్నా మెదడు ఆ స్వరాన్ని సరిగ్గానే పోల్చుకుంటుంది. అందుకే చిన్న యాంప్‌లో నిండుదనాన్ని 150 నుంచి 400 హెర్ట్జ్‌ల మధ్య వెతకాలి. ఆ భాగాన్ని కాపాడుకుని, స్పీకరు మోయలేని అడుగు బేస్‌ను వదిలేయడమే మొత్తం పని.

నాబ్‌లతో మొదలుపెడదాం. అన్నీ 5 దగ్గర పెడితే టోన్ సమంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఫెండర్, మార్షల్ కంపెనీల యాంప్‌ల తరహా టోన్ సర్క్యూట్లలో అలా ఉండదు. వాటిలో అన్నీ మధ్యలో ఉన్నప్పుడు మిడ్ భాగం (బేస్‌కూ ట్రెబుల్‌కూ మధ్య ఉన్నది) గుంట పడి ఉంటుంది. బేస్ 0, ట్రెబుల్ 0, మిడ్ 10 పెట్టినప్పుడే ఆ సర్క్యూట్ దాదాపు సమంగా పలుకుతుంది. అలా పెట్టి, వాల్యూమ్ పెంచి, అక్కడి నుంచి బేస్‌ను 3 వరకు, ట్రెబుల్‌ను 4 వరకు మెల్లగా తెచ్చుకుంటూ వినండి. 1960ల మధ్య నాటి ఫెండర్ చాంప్ లాంటి వాటికి మిడ్ నాబ్ ఉండదు, లోపల ఒక స్థిరమైన రెసిస్టర్ మాత్రమే ఉంటుంది. అక్కడ బేస్, ట్రెబుల్ రెండూ తగ్గించి వాల్యూమ్ పెంచడమే మిడ్ పెంచడం. గెయిన్ (యాంప్ లోపల సంకేతాన్ని పెంచే మోతాదు) కూడా మీరు అనుకుంటున్న దానికంటే తక్కువ చాలు. దానితో డిస్టార్షన్ (శబ్దం చెదరడం) పెరిగేకొద్దీ మీటు దెబ్బ నలిగిపోయి, పై హార్మోనిక్స్ పేరుకుని, శబ్దం బరువు తగ్గినట్టు అనిపిస్తుంది.

ఇంకో మాట. చెవి తక్కువ శబ్దంలో బేస్‌ను తక్కువగా వింటుందని శాస్త్రవేత్తలు ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు. కాబట్టి రాత్రి పూట మెల్లగా వాయిస్తూ పెట్టుకున్న సెట్టింగ్ పగలు గట్టిగా వాయిస్తే బొంగురుగా ఉంటుంది. ఏ శబ్దస్థాయిలో వాయిస్తారో ఆ స్థాయిలోనే నాబ్‌లు సరిచేసుకోవాలి.

అందరూ తక్కువగా పట్టించుకునేది, ఎక్కువ ఫలితమిచ్చేది యాంప్ పెట్టే చోటు. ఈ చిన్న పెట్టెల్లో చాలావాటికి వెనక భాగం తెరిచి ఉంటుంది. కోన్ ముందు గాలిని నెట్టిన క్షణంలోనే వెనక గాలిని లాగుతుంది, అంటే రెండు అలలూ ఒకదానికొకటి వ్యతిరేకం. 82 హెర్ట్జ్ అల పొడవు సుమారు 4.2 మీటర్లు. అంత పెద్ద అలకు 35 సెంటీమీటర్ల పెట్టె అడ్డే కాదు. వెనక అల అంచు చుట్టి ముందుకు వచ్చి ముందు అలను కొట్టేస్తుంది.

గోడకు ఆనిస్తే బేస్ పెరుగుతుందన్న మాట మూసిన పెట్టెలకు సరైనదే. తెరిచిన పెట్టెకు లెక్క వేరు. వెనక అల గోడను తాకి ముందుకు రావడానికి కొంత అదనపు దూరం ప్రయాణిస్తుంది. ఆ దూరం అల పొడవులో సగమైతే, వ్యతిరేకంగా బయల్దేరిన అల కలిసివచ్చి బలం చేకూరుస్తుంది. కోన్ నుంచి గోడకు 60 సెంటీమీటర్లు ఉంటే అదనపు దూరం 1.2 మీటర్లు, బలం వచ్చేది 143 హెర్ట్జ్ చుట్టూ. 40 సెంటీమీటర్లయితే 214 చుట్టూ. 25కి తగ్గిస్తే బలం 343కి ఎగబాకి, అడుగు భాగం పలచబడుతుంది. బలం వచ్చిన ఫ్రీక్వెన్సీకి రెట్టింపు దగ్గర కొంత కోత కూడా పడుతుంది. అందుకని కోన్‌ను గోడకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంచి మొదలుపెట్టండి. ఒకే కార్డ్ వాయిస్తూ పదేసి సెంటీమీటర్లు జరిపి వినండి. ఏ నాబూ తిప్పకుండానే తేడా తెలుస్తుంది.

చెవికి దగ్గరగా ఉంటుందని యాంప్‌ను కుర్చీ మీద పెట్టడం మరో అలవాటు. స్పీకరు మధ్యభాగం నేల నుంచి 60 సెంటీమీటర్ల ఎత్తుకు చేరితే, నేల మీంచి తిరిగొచ్చే అల, మీరు కూర్చునే చోటును బట్టి, 150 నుంచి 300 హెర్ట్జ్‌ల మధ్య ఎక్కడో శబ్దాన్ని తగ్గిస్తుంది. మనకు కావలసిన భాగం సరిగ్గా అదే. యాంప్‌ను నేల మీదే ఉంచి, ముందు అంచు కింద చెక్క ముక్క పెట్టి స్పీకరు మీ తలవైపు చూసేలా వెనక్కి వాల్చండి. ట్రెబుల్ టార్చి వెలుగులా సూటిగా పోతుంది. స్పీకరు పాదాలకేసి చూస్తుంటే మీకది వినపడదు, మీరు ట్రెబుల్ పెంచుతారు, ఎదురుగా కూర్చున్నవాళ్లకు చెవులు గింగురుమంటాయి. వాల్చాక ట్రెబుల్ తగ్గించాలని మీకే అనిపిస్తుంది, నిండుదనంలో సగం అక్కడే వచ్చేస్తుంది. మన ఫ్లాట్లలో టైల్స్ నేల, ఖాళీ సిమెంటు గోడలు ట్రెబుల్‌ను వెనక్కి కొడతాయి. ఎదురు గోడకు మందపాటి బొంత వేలాడదీస్తే ఆ కీచుదనం తగ్గుతుంది.

వెనక భాగాన్ని కొంత మూయడం తర్వాతి మెట్టు. 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌తో మూడింట రెండు వంతులు మూస్తే వెనక అల చుట్టి వచ్చే దారి పొడవై కింది మిడ్ బలపడుతుంది. పూర్తిగా మూయొద్దు. చిన్న పెట్టెలో బంధించిన గాలి స్ప్రింగులా పనిచేసి స్పీకరు సహజ కంపనాన్ని పైకి నెడుతుంది, శబ్దం ముక్కుతో పలికినట్టవుతుంది. వాల్వ్‌లు (పాత రేడియోల్లో ఉండేలాంటి గాజు గొట్టాలు), ట్రాన్స్‌ఫార్మర్, హీట్‌సింక్ ఉన్నచోట వేడి పోయే సందు తప్పనిసరి. ఆ పలక వదులుగా ఉంటే అదే గజ్జెలా మోగుతుంది. ఆరో తీగ మీద ఒక్కో ఫ్రెట్ దాటుతూ మెల్లగా వాయించి, ఏ స్వరానికి జరజరమంటుందో చూసి, పలకనూ హ్యాండిల్‌నూ స్పీకరు చుట్టూ ఉన్న స్క్రూలనూ వేలితో నొక్కి చూడండి. ఆగిన చోట బిగించాలి. స్పీకరు స్క్రూలను ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించండి. ఒకవైపే గట్టిగా తిప్పితే ఫ్రేమ్ వంగి, కోన్‌ను కదిలించే వాయిస్ కాయిల్ రాసుకుంటుంది.

ఖర్చు పెట్టగలిగితే అన్నిటికన్నా మెరుగైన దారి 12 అంగుళాల స్పీకరున్న విడి క్యాబినెట్. స్పీకరు సెన్సిటివిటీ (ఒకే శక్తికి ఎంత గట్టిగా పలుకుతుందన్న కొలత) 3 డెసిబెల్స్ ఎక్కువైతే యాంప్ వాట్లు రెట్టింపు చేసినంత లాభం. 98 డెసిబెల్స్ స్పీకరుతో 5 వాట్లు, 92 స్పీకరుతో 20 వాట్లతో సమానం. ఓమ్స్ (స్పీకరు విద్యుత్తుకు ఇచ్చే అడ్డు) మాత్రం చూసుకోవాలి. ట్రాన్సిస్టర్ యాంప్‌కు వెనక రాసిన కనీస ఓమ్స్ కన్నా తక్కువ తగిలిస్తే అవుట్‌పుట్ భాగం కాలిపోవచ్చు. ఎక్కువైతే శబ్దం కొంత తగ్గుతుంది, అంతే. వాల్వ్ యాంప్‌కు సరిపోయే ఓమ్సే ఇవ్వాలి, స్పీకరు తగిలించకుండా ఎన్నడూ వాయించకూడదు. స్పీకరు తగలని ట్రాన్స్‌ఫార్మర్‌లో వోల్టేజి ఎగిసి లోపలి ఇన్సులేషన్‌ను చీల్చేస్తుంది. రెండు 8 ఓమ్స్ స్పీకర్లు ప్యారలల్‌లో కలిపితే 4 ఓమ్స్. రెండూ ఒకే దిశలో కదలాలి, లేకపోతే బేస్ మాయమవుతుంది. స్పీకరు వైర్లు యాంప్ నుంచి ఊడదీసి, వాటికి 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం తాకించండి. ప్లస్ ప్లస్‌కు తగిలితే రెండు కోన్‌లూ ముందుకే రావాలి.

పెడల్స్‌లో (గిటార్‌కూ యాంప్‌కూ మధ్య పెట్టే పరికరాలు) ముందుగా కొనవలసింది ఈక్వలైజర్, అంటే ఒక్కో ఫ్రీక్వెన్సీ భాగాన్ని విడిగా పెంచి తగ్గించేది. బాస్ (Boss) కంపెనీ జీఈ-7 లాంటి దానిలో 100 హెర్ట్జ్ స్లైడర్‌ను 4 డెసిబెల్స్ దించి, 200నూ 400నూ రెండు మూడు ఎత్తి, 3.2 కిలోహెర్ట్జ్‌ను కొంచెం దించి చూడండి. యాంప్‌కు ఎఫెక్ట్స్ లూప్ (డిస్టార్షన్ భాగం తర్వాత పెడల్స్ కలిపే సాకెట్లు) ఉంటే అక్కడ పెట్టండి. ట్యూబ్ స్క్రీమర్ తరహా ఓవర్‌డ్రైవ్ (తేలికపాటి డిస్టార్షన్ ఇచ్చే పెడల్) 720 హెర్ట్జ్ కింద గెయిన్‌ను క్రమంగా తగ్గిస్తుంది. అందుకే దాని డ్రైవ్ తగ్గించి లెవెల్ పెంచి వాడితే చిన్న స్పీకరు కూడా బిగువుగా పలుకుతుంది. 100 మిల్లీసెకన్ల డిలే (స్వరాన్ని కాస్త ఆలస్యంగా తిరిగి వినిపించేది), ఒకే ఒక్క పునరావృతి, తక్కువ మోతాదులో కలిపితే పలచటి స్వరం కూడా వెడల్పవుతుంది.

ఇక వాల్వ్ యాంప్ లోపల. మొదటి 12ఏఎక్స్7 వాల్వ్ కేథోడ్ కాలి దగ్గర సాధారణంగా 1,500 ఓమ్స్ రెసిస్టర్, దానికి ప్యారలల్‌గా ఒక కెపాసిటర్ ఉంటాయి. అక్కడ 0.68 మైక్రోఫారడ్ ఉంటే 300 హెర్ట్జ్ కింద గెయిన్ క్రమంగా పడిపోతుంది, యాంప్ పలచగా ఉండటానికి అదే కారణం కావచ్చు. 25 మైక్రోఫారడ్ పెడితే అడుగు బేస్ అంతా లోపలికి వస్తుంది, చిన్న స్పీకరు దాన్ని మోయలేదు. 2.2 మైక్రోఫారడ్ పెడితే ఆ మలుపు సుమారు 90 హెర్ట్జ్‌కు దిగుతుంది, 8 అంగుళాల కోన్‌కు అది సరిగ్గా సరిపోతుంది. ప్లగ్ పీకేశాక కూడా ఫిల్టర్ కెపాసిటర్లలో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం తీస్తుంది. వాటిని రెసిస్టర్‌తో ఖాళీ చేసి, మల్టీమీటర్‌తో కొలిచి చూసుకోవడం తెలియనివాళ్లు పెట్టె విప్పకుండా మెకానిక్‌కు ఇవ్వాలి. కొత్త కెపాసిటర్ 25 వోల్టులది చాలు. ఎలక్ట్రోలిటిక్ అయితే దాని ప్లస్ కాలు కేథోడ్ వైపు, మైనస్ కాలు గ్రౌండ్ వైపు ఉండాలి.