ఒకే క్లోరిన్, రెండు హెచ్చరికలు: రసాయనాల ప్రమాద వర్గీకరణ నేపథ్యం

కర్నూలు శివార్లలో, తుంగభద్ర ఒడ్డున గొందిపర్ల దగ్గర కాస్టిక్ సోడా తయారవుతుంది. ఉప్పు ద్రావణంలోకి కరెంటు పంపి చేసే ఈ తయారీలో టన్ను కాస్టిక్ సోడాకు దాదాపు 0.88 టన్ను క్లోరిన్ తప్పనిసరిగా వెంట వస్తుంది. ఒకటి చాలు, రెండోది వద్దు అనుకునే వీలు ఆ రసాయన చర్యలోనే లేదు. ఇలాంటి ఫ్యాక్టరీలలో పుట్టే క్లోరిన్‌ను ద్రవంగా మార్చి, టన్నర్లు అనే పసుపు రంగు పెద్ద సిలిండర్లలో నింపి, తాగునీరు శుద్ధి చేసే కేంద్రాలకూ, బ్లీచింగ్ పదార్థాలూ మందులూ పురుగుమందులూ తయారుచేసే యూనిట్లకూ పంపుతారు. అందువల్ల క్లోరిన్ ప్రమాదాన్ని ఏ మాటల్లో చెప్పాలన్నది ఫ్యాక్టరీ గేటు లోపలివారికి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. టన్నర్ వాల్వు తిప్పే మున్సిపల్ ఆపరేటరుకూ, హైవే పక్కన ధాబా నడుపుకునేవారికీ అది సంబంధించినదే.

అయితే క్లోరిన్‌తో పాటు వచ్చే సేఫ్టీ డేటా షీట్లు (ప్రమాదాలూ జాగ్రత్తలూ రాసిన పత్రాలు) రెండు కంపెనీలవి పక్కపక్కన పెట్టి చదివితే ఒక తేడా కనిపిస్తుంది. ఒకదానిలో హెచ్330 అనే కోడ్‌తో ‘పీలిస్తే ప్రాణాంతకం’ అని ఉంటుంది. ఇంకొకదానిలో హెచ్331 అనే కోడ్‌తో ‘పీలిస్తే విషపూరితం’ అని ఉంటుంది. వాయువు ఒకటే అయినప్పుడు హెచ్చరిక రెండు రకాలుగా ఎందుకుందని కార్మికులు అడిగితే, చాలాచోట్ల వారికి సరైన జవాబు దొరకదు. ఒకరు భయపెడుతున్నారనో, మరొకరు దాస్తున్నారనో అనుకోవడం సహజం. నిజానికి ఆ రెండు వాక్యాలూ నిబంధనల ప్రకారం వచ్చినవే. అవి ఎలా వచ్చాయో తెలియాలంటే వందేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

క్లోరిన్‌ను 1774లో స్వీడన్ రసాయనవేత్త షీలే తయారుచేశాడు. అది మూలకమని 1810లో హంఫ్రీ డేవీ నిర్ధారించి పేరు పెట్టాడు. అది మనిషిని ఎంత వేగంగా చంపగలదో మాత్రం ప్రపంచానికి 1915 ఏప్రిల్ 22న తెలిసింది. ఆ రోజు బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం 150 టన్నులకు పైగా క్లోరిన్‌ను గాలివాటున శత్రు కందకాల మీదికి వదిలింది. గాలి కంటే సుమారు రెండున్నర రెట్లు బరువైన ఆ వాయువు పైకి పోకుండా నేలను పట్టుకుని పాకి, పల్లంలో ఉన్నవారి మీదే నిలిచింది. ఆ దాడిని పర్యవేక్షించిన జర్మన్ రసాయనవేత్త ఫ్రిట్జ్ హేబర్, విష వాయువు ప్రభావాన్ని దాని గాఢతనూ పీల్చిన సమయాన్నీ గుణించి అంచనా వేయవచ్చని సూత్రీకరించాడు. ఈనాడు కార్మికుల రక్షణకు వాడే లెక్కల మూలాల్లో ఒకటి యుద్ధంలో ఉందన్న సంగతి బాధ కలిగించేదే అయినా, దాన్ని దాటవేసి ఈ చరిత్ర చెప్పలేం.

రెండో మూలం మందుల తయారీలో ఉంది. డిజిటాలిస్, ఇన్సులిన్ వంటి మందుల శక్తి ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో రకంగా ఉండటంతో, వాటిని సరిపోల్చేందుకు బ్రిటన్‌కు చెందిన ట్రెవన్ 1927లో ఒక కొలత ప్రతిపాదించాడు. పరీక్షకు పెట్టిన జంతువుల్లో సగం చనిపోయే మోతాదు ఎంత అన్నదే ఆ కొలత. దాన్నే ఎల్‌డీ50 అంటారు. పీల్చే వాయువుల విషయంలో గాలిలోని గాఢతను లెక్కించి ఎల్‌సీ50 అంటారు. ఈ అంకె ఎంత తక్కువైతే విషం అంత తీవ్రమైనది. పారిశ్రామిక రసాయనాలను తరగతులుగా విభజించాల్సి వచ్చినప్పుడు నియమాలు రాసినవారికి చేతికి అందిన అంకె ఇదే కావడంతో, మందుల నాణ్యత కోసం పుట్టిన కొలత రసాయనాల లేబుల్ మీదికి చేరింది.

తర్వాత ఎవరి అవసరాన్ని బట్టి వారు వర్గీకరించుకున్నారు. ఓడల్లో, రైళ్లలో, లారీల్లో సరుకు పంపేవారి కోసం ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం 1956లో తొలి సిఫారసులు ప్రచురించింది. ప్రమాదకర సరుకులను తొమ్మిది తరగతులుగా విభజించే పద్ధతీ, ప్రతి సరుకుకూ నాలుగంకెల సంఖ్య ఇచ్చే పద్ధతీ అక్కడి నుంచి వచ్చినవే. ఆ లెక్కలో క్లోరిన్ సంఖ్య 1017, తరగతి 2.3, అంటే విష వాయువు. యూరప్ దేశాలు 1967లో తమ మార్కెట్ కోసం నారింజ రంగు చదరాలతో మరో పద్ధతి తెచ్చుకున్నాయి. అమెరికా 1983లో కార్మికులకు సమాచారం ఇచ్చే నిబంధన చేసింది. బ్రిటన్‌లో అగ్నిమాపక సిబ్బంది అవసరాల కోసం హాజ్‌కెమ్ కోడ్ పుట్టింది. క్లోరిన్‌కు ఆ కోడ్ 2ఎక్స్‌ఈ. సన్నటి నీటి తుంపర వాడాలనీ, ఒళ్లంతా కప్పే రక్షణ దుస్తులతో వెళ్లాలనీ, కాలువల్లోకి పోనివ్వకూడదనీ, చుట్టుపక్కల జనాన్ని ఖాళీ చేయించే సంగతి ఆలోచించాలనీ ఆ మూడు అక్షరాల్లో ఉంది. మన ట్యాంకర్ల వెనుక ప్యానెల్ మీద కనిపించేది ఈ కోడే.

మన దేశంలో ఈ విషయం చట్టంగా మారడానికి 1984 డిసెంబరు 2, 3 తేదీల మధ్య రాత్రి భోపాల్‌లో జరిగింది చూడాల్సి వచ్చింది. అక్కడ లీకైన మిథైల్ ఐసోసయనేట్ గురించి చుట్టుపక్కల బస్తీలకు ఏమీ తెలియదు. వైద్యం చేయాల్సిన డాక్టర్లకు సైతం సరైన సమాచారం అందలేదు. ఆ తర్వాతే 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టం వచ్చింది. 1987లో ఫ్యాక్టరీల చట్టాన్ని సవరించి, ప్రమాదకర ప్రక్రియల సమాచారాన్ని కార్మికులకూ చుట్టుపక్కల ప్రజలకూ వెల్లడించడం యాజమాన్యం బాధ్యతగా 41బి సెక్షన్ చేర్చారు. 1989 నవంబరు 27న ప్రమాదకర రసాయనాల తయారీ, నిల్వ, దిగుమతి నిబంధనలు వెలువడ్డాయి. విషపూరితమైనవి, మండేవి, పేలేవి అని గుర్తించే కొలమానాలు, పేర్లతో సహా రసాయనాల జాబితా, సేఫ్టీ డేటా షీట్, లేబుల్ అన్నీ ఆ నిబంధనల్లో ఉన్నాయి. క్లోరిన్ నిల్వ 10 టన్నులు దాటితే కొన్ని బాధ్యతలు, 25 టన్నులు దాటితే మరింత కఠినమైన బాధ్యతలు అన్న పరిమితులూ అందులోవే.

1992లో రియో డి జనీరో సదస్సులో, ప్రపంచమంతటికీ ఒకే వర్గీకరణ ఉండాలని దేశాలు అంగీకరించాయి. ఆ పని పూర్తవడానికి పదేళ్లు పట్టింది. 2002 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘం ఆమోదించి, 2003లో ప్రచురించిన ఆ పద్ధతినే జీహెచ్‌ఎస్ (గ్లోబల్లీ హార్మొనైజ్డ్ సిస్టమ్) అంటున్నారు. ఎర్ర అంచు డైమండ్ గుర్తులు, హెచ్ కోడ్లు, పదహారు భాగాల డేటా షీట్ దీనివే. భౌతిక ప్రమాదాలకు 200తో మొదలయ్యే కోడ్లు, ఆరోగ్య ప్రమాదాలకు 300తో మొదలయ్యేవి, పర్యావరణానికి 400తో మొదలయ్యేవి కేటాయించారు.

క్లోరిన్‌కు రెండు వాక్యాలు రావడానికి కారణం ఇక్కడ ఉంది. ఎలుకలు గంటసేపు పీల్చినప్పుడు క్లోరిన్ ఎల్‌సీ50 విలువ 293 పీపీఎం, అంటే గాలిలోని పది లక్షల భాగాల్లో 293 భాగాలు. జీహెచ్‌ఎస్ పట్టిక నాలుగు గంటల పరీక్షను ఆధారంగా తీసుకుంటుంది కనుక, వాయువులకు గంట విలువను రెండుతో భాగించాలని నియమం. అలా వచ్చే సుమారు 146, పట్టికలోని 100 నుంచి 500 పీపీఎం గడిలో పడుతుంది. అది రెండో కేటగిరీ, అంటే ‘పీలిస్తే ప్రాణాంతకం’. యూరప్ వారు మాత్రం తమ 1967 నాటి పద్ధతి నుంచి కొత్త పద్ధతికి మారేటప్పుడు వేల రసాయనాలను మళ్లీ లెక్కించకుండా పాత తరగతులను కొత్త గడుల్లోకి మార్చుకున్నారు. అలా క్లోరిన్‌కు మూడో కేటగిరీ, అంటే ‘పీలిస్తే విషపూరితం’ దక్కింది. పక్కన ఒక నక్షత్రపు గుర్తు కూడా పెట్టారు. ఇది కనీస వర్గీకరణ మాత్రమేననీ, ఇంతకంటే తీవ్రమైన కేటగిరీకి ఆధారం ఉంటే దాన్నే వాడాలనీ ఆ గుర్తుకు అర్థం. డేటా షీట్లు కాపీ అవుతూ దేశాలు దాటే దారిలో ఆ నక్షత్రం చాలాసార్లు రాలిపోయింది.

పుర్రె గుర్తు రెండింటికీ ఉంటుంది, ‘అపాయం’ అన్న సంకేత పదమూ రెండింటికీ ఒకటే. తేడా ముందుజాగ్రత్త వాక్యాల్లో వస్తుంది. రెండో కేటగిరీకి ‘పీల్చవద్దు’ అనే వాక్యం, దానితోపాటు శ్వాస రక్షణ పరికరం ధరించాలనే వాక్యం వర్తిస్తాయి. మూడో కేటగిరీకి ‘పీల్చకుండా చూసుకోండి’ అని మాత్రమే ఉంటుంది. మాస్కు వాక్యం దానంతట అది రాదు. టన్నర్ గదిలో పనిచేసే మనిషికి మాస్కు ఇవ్వాలా వద్దా అన్నది ఒక కాగితంలోని గడిని బట్టి తేలకూడదు. కానీ కొనుగోలు ఫైలు కదిలేది ఆ కాగితం చూసే కాబట్టి, ఈ తేడాను చిన్నదిగా తీసుకోవడానికి వీల్లేదు.

భౌతిక ప్రమాదాల వైపు చూస్తే క్లోరిన్ మీద ఉన్న ఒక అపోహ తొలగుతుంది. అది మండదు కాబట్టి నిప్పుతో దానికి సంబంధం లేదని చాలామంది అనుకుంటారు. వర్గీకరణలో మాత్రం అది మంటను పెంచే ఆక్సీకరణ వాయువు, హెచ్270. వేడెక్కిన ఇనుము క్లోరిన్‌లో తానే మండుతుంది. అందుకే టన్నర్‌కు వెల్డింగ్ చేయడం, మంటతో వేడిచేయడం నిషిద్ధం. తడి తగిలిన క్లోరిన్ ఆమ్లాలుగా మారి లోహాన్ని తినేస్తుంది. లీకవుతున్న టన్నర్ మీద నేరుగా నీళ్లు కొడితే చిన్న రంధ్రం పెద్దదవుతుందని పాత ఆపరేటర్లు చెప్పేది ఇందువల్లే. లీకు ఎక్కడుందో కనిపెట్టడానికి వారు అమోనియా ద్రావణంలో ముంచిన గుడ్డను కర్రకు చుట్టి జాయింట్ల దగ్గర తిప్పుతారు. లీకున్న చోట తెల్లటి పొగ లేస్తుంది. ఆ వెంటనే చేయాల్సింది టన్నర్‌ను దొర్లించి లీకున్న భాగాన్ని పైవైపుకు తేవడం. కింది నుంచి ద్రవం కారితే, అది ఆవిరై దాదాపు 450 రెట్లకు పైగా వ్యాపిస్తుంది. పై నుంచి అయితే వాయువు మాత్రమే వస్తుంది.

ఈ వర్గీకరణ చెప్పనివీ ఉన్నాయి. తాడిపత్రిలోని ఒక ఉక్కు కర్మాగారంలో 2018 జూలై 12న కార్బన్ మోనాక్సైడ్ లీకై ఆరుగురు కార్మికులు చనిపోయారు. గంట పరీక్షలో ఆ వాయువు ఎల్‌సీ50 విలువ 3760 పీపీఎం. అంకెను బట్టి చూస్తే క్లోరిన్ దానికంటే పన్నెండు రెట్లకు పైగా తీవ్రమైనది. అయినా క్లోరిన్ ఒక పీపీఎం లోపే ముక్కుకు తెలుస్తుంది, మనిషి పరుగెత్తుతాడు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు. పడిపోయినవారిని తీయడానికి వెళ్లినవారు కూడా పడిపోయే ప్రమాదం అందులోనే ఉంది. కేటగిరీ అంకెలో ఈ తేడాకు చోటు లేదు. 2020 జూన్ 27న నంద్యాలలోని ఒక ఫ్యాక్టరీలో అమోనియా లీకై ఒకరు మరణించినప్పుడు కూడా వాయువు విష తీవ్రతతో పాటు పైపు, వాల్వు, గాలి, తప్పించుకునే దారి అన్నీ లెక్కలోకి వచ్చే విషయాలే.

ఏళ్ల తరబడి శరీరం లోపల పనిచేసే ప్రమాదాల సంగతి ఇంకా వేరు. పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు తవ్విన రాతినారను (ఆస్బెస్టాస్) నాలుగు గంటల పరీక్షకు పెడితే దానికి ఏ పుర్రె గుర్తూ రాదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దాన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన ఒకటో గ్రూపులో పెట్టింది. అందుకే జీహెచ్‌ఎస్‌లో క్యాన్సర్‌కు, గర్భస్థ శిశువుకు కలిగే హానికి, మళ్లీమళ్లీ పీల్చడం వల్ల అవయవాలకు కలిగే హానికి విడివిడి తరగతులు ఉంచారు. కార్మికులు ఎక్కువగా నష్టపోయింది ఈ రెండో రకం ప్రమాదాల వల్లేనని నా అభిప్రాయం. అవి వార్త కావు, పరిహారం వరకూ వెళ్లవు.

జీహెచ్‌ఎస్‌ను మన చట్టంలోకి తేవడానికి 2011లో కేంద్రం ఒక ముసాయిదా ప్రకటించింది. అది తుది రూపం దాల్చలేదు. ఫలితంగా ఒకే ఫ్యాక్టరీలో రవాణా ప్యానెల్ ఒక పద్ధతిలో, 1989 నిబంధనల పత్రాలు మరో పద్ధతిలో, విదేశీ కొనుగోలుదారు కోసం రాసిన డేటా షీట్ మూడో పద్ధతిలో నడుస్తున్నాయి. కర్నూలులో గానీ కడపలో గానీ అనంతపురంలో గానీ క్లోరిన్ వాడే ఏ కేంద్రంలోనైనా, డేటా షీట్ అందుకున్నవారు రెండో భాగంలోని కేటగిరీని చూసి సరిపెట్టుకోకుండా, పదకొండో భాగంలో ఇచ్చిన ఎల్‌సీ50 విలువతో, అది ఎన్ని గంటల పరీక్షో చూసి పోల్చుకోవాలి. రెండూ పొసగకపోతే సరఫరాదారును రాతపూర్వకంగా అడగాలి. ఆ తర్వాత తేలిన కేటగిరీని, దానికి తగిన ముందుజాగ్రత్తలను తెలుగులో రాసి టన్నర్ గది తలుపు మీద అతికించాలి.