అసైన్‌మెంట్‌లోకి ఏఐ: అధ్యాపకుల శిక్షణ వెనక ఉన్న కథ

2022 నవంబర్ 30న ఓపెన్‌ఏఐ సంస్థ చాట్‌జీపీటీని జనంలోకి వదిలింది. ఐదు రోజుల్లో పది లక్షల మంది అందులో చేరారు. అమెరికా కాలేజీల్లో అప్పటికి సెమిస్టర్ చివరికొచ్చింది. అసైన్‌మెంట్లు ఎప్పుడో ఇచ్చేశారు, విద్యార్థులు రాసి తేవడమే మిగిలింది. అడిగిందల్లా రాసిపెట్టే యంత్రం విద్యార్థికి దొరికేసరికి అధ్యాపకుడి దగ్గర ఉన్నవి కిందటేడు ఇచ్చిన ప్రశ్నలే. ఆ తర్వాత జరిగిన వరస కూడా అలాగే ఉంది. ముందు విద్యార్థులు వాడేశారు, తర్వాత వాళ్లను పట్టుకునే సాఫ్ట్‌వేర్ వచ్చింది, అధ్యాపకులకు ఏదైనా నేర్పాలన్న ఆలోచన ఆఖర్న వచ్చింది.

ఈ మధ్య అధ్యాపకులకు ఏఐ వర్క్‌షాపులకు కొదవ లేదు. వాటిలో నిజంగా పనికొచ్చే భాగం మాత్రం చాట్‌జీపీటీ కన్నా యాభై ఏళ్లు పెద్దది.

కాలేజీ రాతకు ఇప్పుడున్న రూపం రావడంలో హార్వర్డ్‌ది పెద్ద చెయ్యి. 1870ల్లో ప్రవేశ పరీక్షలో చిన్న వ్యాసం రాయించడం మొదలుపెట్టింది. ఆ తర్వాత మొదటి ఏడాది విద్యార్థులకు రాత క్లాసు తప్పనిసరి చేసింది. మిగతా కాలేజీలు అదే బాట పట్టాయి. దాంతో దిద్దాల్సిన కాగితాలు గుట్టలు పడ్డాయి. ఆ గుట్ట ముందు కూర్చున్న అధ్యాపకుడికి కనిపించేది రాసి తెచ్చిన కాగితం ఒక్కటే. అది ఎలా పుట్టింది, ఎన్నిసార్లు కొట్టేసి రాశారు, అసలు ఎవరు రాశారు అని చూసే తీరిక లేదు. నూరేళ్లు మార్కులన్నీ ఆ కాగితానికే పడ్డాయి. ఏఐ వచ్చి దెబ్బకొట్టింది సరిగ్గా అక్కడే.

1971లో జానెట్ ఎమిగ్ అనే పరిశోధకురాలు ఎనిమిది మంది పన్నెండో తరగతి విద్యార్థులను కూర్చోబెట్టి, మనసులో అనుకుంటున్నది పైకి చెబుతూ రాయమన్నారు. వాళ్లెక్కడ ఆగుతున్నారో, ఎక్కడ వెనక్కి వెళ్తున్నారో గమనించారు. ముందు ప్లాను, తర్వాత చిత్తు, తర్వాత సాపు అని పాఠ్యపుస్తకాలు చెప్పే వరస వాళ్లలో పెద్దగా కనిపించలేదు. రాతంటే కాగితం ఒక్కటే కాదు, అది తయారయ్యే తీరు కూడా నేర్పాలన్న వాదం ఆ దశాబ్దంలో బలపడింది. అదే రోజుల్లో అయోవాలోని సెంట్రల్ కాలేజీలో బార్బరా వాల్వూర్డ్ వేరే వేరే సబ్జెక్టుల అధ్యాపకులను ఒక గదిలో చేర్చి, మీ క్లాసులో ఏం రాయిస్తున్నారు, ఎందుకు రాయిస్తున్నారు అన్న చర్చ పెట్టారు. 1974లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో జేమ్స్ గ్రే రాత నేర్పే టీచర్ల కోసం వేసవి శిబిరం మొదలుపెట్టారు. అక్కడ టీచర్లకు పాఠం చెప్పింది తోటి టీచర్లే. బయట నుంచి నిపుణుడు వచ్చి స్లైడ్లు చూపించి వెళ్లే పద్ధతి వాళ్లకు నచ్చలేదు. అధ్యాపకుడు తన ప్రశ్నను తానే పదిమంది ముందు పెట్టి విప్పి చూసుకోవడం ఈ శిబిరాల నుంచి వచ్చిన అలవాటు. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

యంత్రాల పక్క కథ వేరేగా నడిచింది. వ్యాసాలకు కంప్యూటర్‌తో మార్కులు వేయించే రోజు దగ్గరలోనే ఉందని ఎల్లిస్ పేజ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1966లోనే రాశారు. 1999 నాటికి మేనేజ్‌మెంట్ కోర్సుల ప్రవేశ పరీక్ష జీమ్యాట్‌లో రాసే వ్యాసాలకు ఒక మనిషీ ఒక సాఫ్ట్‌వేరూ కలిసి మార్కులు వేయడం మొదలైంది. అంటే రాసే యంత్రం కన్నా దిద్దే యంత్రమే ముందు వచ్చింది, దాని మీద ఇంత గోల జరగలేదు. కాపీ పట్టే టర్నిటిన్ కూడా దాదాపు అప్పటిదే.

2001లో వికీపీడియా వచ్చింది. మిడిల్‌బరీ కాలేజీలో జపాన్ చరిత్ర పరీక్ష రాసిన కొందరు, షిమబారా తిరుగుబాటుకు జెసూట్ మతబోధకులు సాయం చేశారని ఒకే తప్పు రాశారు. ఆరా తీస్తే అది వికీపీడియాలో ఉంది. 2007లో ఆ చరిత్ర విభాగం వికీపీడియాను ఆధారంగా చూపించకూడదని తీర్మానించింది. చదవొద్దని మాత్రం అనలేదు. తర్వాత కొన్నేళ్లకే వికీపీడియా వ్యాసాన్ని సరిదిద్దడమే అసైన్‌మెంట్‌గా ఇచ్చే అధ్యాపకులు బయల్దేరారు. నిషేధం నుంచి అసైన్‌మెంట్ దాకా రావడానికి అప్పుడు కొన్నేళ్ల వ్యవధి దొరికింది. చాట్‌జీపీటీ అంత టైమ్ ఇవ్వలేదు.

2023 జనవరిలో న్యూయార్క్ నగర బడులు తమ నెట్‌వర్క్‌లో దాన్ని ఆపేశాయి, మే నెలకల్లా నిర్ణయం వెనక్కి తీసుకున్నాయి. ఏఐ రాతను గుర్తుపట్టే పరికరాన్ని ఓపెన్‌ఏఐ తానే జనవరి 31న విడుదల చేసింది. సంస్థ ఇచ్చిన లెక్క ప్రకారమే అది ఏఐ రాసినవాటిలో 26 శాతాన్ని పట్టుకుంది, మనుషులు రాసినవాటిలో 9 శాతాన్ని ఏఐ అంది. జులైలో సద్దు లేకుండా తీసేశారు. ఏప్రిల్‌లో టర్నిటిన్ తన డిటెక్టర్ తెచ్చింది, పొరపాట్లు 1 శాతం లోపేనంది. వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయం చిన్న లెక్క వేసుకుంది. 2022లో తమ దగ్గర టర్నిటిన్‌లోకి వెళ్లిన పేపర్లు 75,000. అందులో 1 శాతం అంటే 750. ఇంతమందిని అన్యాయంగా అనుమానించే అవకాశం ఉందని ఆగస్టులో దాన్ని ఆపేసింది.

అంతకన్నా చేదు సంగతి స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు బయటపెట్టారు. ఇంగ్లీషు మాతృభాష కానివాళ్లు ఇంగ్లీషు ప్రావీణ్య పరీక్ష టోఫెల్ కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లకు ఇస్తే, సగటున 61 శాతాన్ని ఏఐ రాతగా ముద్ర వేశాయి. తెలిసిన కొద్ది మాటలతో, చిన్న వాక్యాలతో, తప్పు పోకుండా జాగ్రత్తగా రాసేవాళ్ల ఇంగ్లీషు యంత్రానికి యంత్రంలా కనిపించింది. ఇంగ్లీషును రెండో భాషగా నేర్చుకున్న ఎవరికైనా ఇది గుచ్చుకుంటుంది.

అదే ఏడాది మేలో అమెరికాలో ఒక అధ్యాపకుడు విద్యార్థుల పేపర్లను చాట్‌జీపీటీలోనే పెట్టి “ఇది నువ్వే రాశావా?” అని అడిగాడు. అది ఔనంది. కొందరి గ్రేడ్లు ఆగిపోయాయి. ఆ పరికరానికి తాను ఏం రాసిందో గుర్తుండదు, అడిగిన తీరును బట్టి నప్పే జవాబు అల్లుతుంది. ఆ అధ్యాపకుణ్ని చూసి నవ్వడం తేలికే. కానీ ఈ సంగతి ఆయనకు అప్పటిదాకా ఎవరు చెప్పారు? అదే ఏడాది యునెస్కో 450కి పైగా బడులను, విశ్వవిద్యాలయాలను అడిగితే, ఏఐ మీద ఏదో ఒక విధానమో మార్గదర్శకమో ఉన్నవి 10 శాతం కూడా లేవు.

జులై నుంచి పత్రాలు వరసకట్టాయి. అమెరికాలో భాషా సాహిత్య అధ్యాపకుల సంఘం ఎంఎల్ఏ, రాత బోధించేవాళ్ల సంఘం సీసీసీసీ కలిసి ఒక పత్రం తెచ్చాయి. బ్రిటన్‌లో రస్సెల్ గ్రూప్ విశ్వవిద్యాలయాలు ఐదు సూత్రాలు ప్రకటించాయి. సెప్టెంబర్‌లో యునెస్కో మార్గదర్శకం వచ్చింది. అధ్యాపకులకు తర్ఫీదు కావాలన్న మాట దాదాపు అన్నిటిలో ఉంది. ఎవరు, ఏ గంటల్లో, ఎవరి ఖర్చుతో ఇవ్వాలన్న దగ్గరే అన్నీ నీళ్లు నమిలాయి.

మొదటి విడత వర్క్‌షాపులు ఎక్కువగా పరిచయ ఉపన్యాసాలే. ఏఐ అంటే ఏమిటి, ప్రాంప్ట్ (ఏఐకి ఇచ్చే ఆదేశం) ఎలా రాయాలి, టీ విరామం. తర్వాత వచ్చినవాటిలో ఒక పద్ధతి బాగా నిలబడింది. ప్రతి అధ్యాపకుడూ తన అసైన్‌మెంట్ ప్రశ్నను తెచ్చుకుని, ఒక్క అక్షరం మార్చకుండా చాట్‌బాట్‌కు ఇస్తాడు. “వాతావరణ మార్పుకు కారణాలు, పరిష్కారాలు 1000 పదాల్లో చర్చించండి” అన్న ప్రశ్న అనుకోండి. నిమిషంలోపే జవాబు వస్తుంది. దాన్ని పక్కనున్న అధ్యాపకుడు పేరు తెలియని విద్యార్థి పేపర్‌లాగే దిద్దుతాడు. ఫస్ట్ క్లాసు మార్కులు పడితే గదిలో కాసేపు ఎవరూ మాట్లాడరు. ఆ తర్వాత కింద ఇచ్చిన రిఫరెన్సులు వెతకమంటారు. రచయిత పేరు సరిగానే ఉంటుంది, పత్రిక నిజమైనదే, ఆ సంచికలో ఆ వ్యాసం మాత్రం ఉండదు. ఒక మాట తర్వాత ఏ మాట రావచ్చో అంచనా వేసుకుంటూ పోయే యంత్రానికి రిఫరెన్సు కూడా ఒక మాటల వరసే. కొత్త రకాలు నెట్‌లో వెతికి జవాబిస్తున్నాయి కాబట్టి ఈ తప్పు తగ్గింది, పోలేదు.

ఇక అసలు పని ప్రశ్నను తిరగరాయడం. క్లాసులో ఇచ్చిన రెండు గ్రాఫుల్లో ఏది ఎక్కువ నమ్మదగిందో చెప్పండి. మొదటి చిత్తు క్లాసులోనే చేత్తో రాయండి. దాని మీద చాట్‌బాట్‌ను మూడు సలహాలు అడిగి, ఏది తీసుకున్నారు, ఏది తోసేశారు, ఎందుకు అన్నది అరపేజీలో రాయండి. ఇలా మారుతుంది. ప్రశ్నను పదిమందిలో విప్పి చూసుకోవడం బర్క్‌లీ వేసవి శిబిరపు అలవాటే, తయారయ్యే తీరుకు మార్కులు వేయడం 1970ల వాదనే. ఏఐ శిక్షణ పేరుతో జరుగుతున్నది చాలావరకు ఎప్పుడో నేర్పాల్సి ఉండి నేర్పకుండా వదిలేసిన పాఠమని నా అభిప్రాయం.

ఎంత వాడొచ్చో చెప్పే కొలబద్దలు కూడా వచ్చాయి. కొందరు ట్రాఫిక్ లైట్ల రంగులు పెట్టారు, కొందరు ఐదు మెట్లు కట్టారు. ఎవరూ కాపలా లేని కూడలిలో ఎర్ర లైటు పెట్టి ఏం లాభం? సిడ్నీ విశ్వవిద్యాలయం అందుకే రెండు దారులు వేసింది. ఒకటి అందరి కళ్లముందు జరిగే పరీక్ష, రెండోది ఏఐ వాడతారని ఒప్పుకుని ఇచ్చే పని. నాకు ఇదే నిజాయతీగా కనిపిస్తుంది.

అసలు వద్దనేవాళ్లూ ఉన్నారు. 2024లో అమెరికాలో రాత బోధించే కొందరు ఏఐని నిరాకరించడానికి కారణాలు చెబుతూ ఒక మార్గదర్శిని రాశారు. పరికరాన్ని బాగా తెలుసుకుని వద్దనుకున్న అధ్యాపకుడికి కూడా ఆ శిక్షణలో కుర్చీ ఉండాలి. ఉండదేమోనన్న అనుమానానికి కారణం డబ్బు. 2025 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా స్టేట్ విశ్వవిద్యాలయం 23 క్యాంపస్‌లకు చాట్‌జీపీటీ ఎడ్యు (విద్యాసంస్థల కోసం చేసిన చాట్‌జీపీటీ) తీసుకుంటున్నట్టు ప్రకటించింది. అదే ఏడాది జులైలో ఒక అమెరికన్ టీచర్ల సంఘం మైక్రోసాఫ్ట్, ఓపెన్‌ఏఐ, ఆంత్రోపిక్ ఇచ్చే 2.3 కోట్ల డాలర్లతో ఏఐ శిక్షణ అకాడమీ పెడుతున్నామంది. ఇది ప్రధానంగా బడి టీచర్లకే అయినా, సరుకు అమ్మేవాళ్లే వాడకం నేర్పించే ఖర్చూ పెట్టుకుంటున్నారు. గ్రాఫింగ్ కాలిక్యులేటర్ల రోజుల్లో టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ కూడా గణితం టీచర్ల శిక్షణ వెనక నిలబడింది. ఆ కాలిక్యులేటర్లు ఇవాళ్టికీ క్లాసుల్లో ఉన్నాయి.

ఇన్ని పత్రాల్లోనూ తేలని లెక్క ఒకటుంది. పైన చెప్పిన కొత్త అసైన్‌మెంట్‌లో చేత్తో రాసిన చిత్తు ఒకటి, చాట్‌బాట్‌తో జరిపిన సంప్రదింపు మీద అరపేజీ, చివరి ప్రతి. విద్యార్థులు 120 మంది అయితే చదవాల్సినవి 360. రాసింది తనదేనా అని ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడాలంటే మరో 20 గంటలు. క్లాసుకు ఇంత అని జీతం తీసుకునే కాంట్రాక్టు లెక్చరర్‌కు ఈ గంటలు ఏ కాలమ్‌లోనూ పడవు. వర్క్‌షాప్ సర్టిఫికెట్ మాత్రం ఆ సాయంత్రమే మెయిల్లో వచ్చేస్తుంది.