ఎలుకలో ఉన్నది, బోన్‌లెస్‌లో లేనిది

మా పిల్లి పేరు జొన్న. ఒంటి రంగు ఎండిన జొన్న కంకిలా ఉంటుందని పిల్లలు పెట్టారు. అది మేడ మీద ఎలుకను తినడం ఒకసారి దగ్గరగా కూర్చుని చూశాను. తల దగ్గర మొదలుపెట్టింది. పుర్రె నలిగిన చప్పుడు నాకు వినపడింది. తర్వాత మెడ, ముందుకాళ్లు, గుండె, కాలేయం, వెన్నెముక, చర్మం, బొచ్చు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. సిమెంటు మీద మిగిలినవి రెండే: తోక, ఆకుపచ్చ రంగులో ఉన్న చిన్న తిత్తి. ఆ తిత్తి ఎలుక పొట్ట. అందులోని గింజలూ గడ్డీ జొన్నకు అక్కర్లేదు.

అప్పటికే జొన్న వెనకకాలు కొంచెం వంకర. ఆ వంకరకు కారణం నేనే.

కర్నూల్లో పిల్లులను పెంచడం కొత్తేమీ కాదు. పాతబస్తీలో పిల్లి లేని వీధి ఉండదు. వాటికి మిగిలిన కూర ముక్కలో, పాలన్నమో, చేప తలకాయో పెట్టేవాళ్లు. మిగతాది అవే వేటాడి తెచ్చుకునేవి. ఇప్పుడు పర్షియన్ పిల్లులు వచ్చాయి, అపార్టుమెంట్లు వచ్చాయి. గుమ్మం దాటని పిల్లికి మనం గిన్నెలో వేసిందే లోకం. ప్యాకెట్ ఫుడ్ ధర చూసి కొందరు, అందులో ఏం కలుపుతారోనని టెన్షన్ పడి కొందరు ఇంట్లోనే పచ్చి మాంసం పెడుతున్నారు. ‘అడవిలో పిల్లికి ఎవరైనా వండి పెడతారా?’ అన్నది వాళ్ల వాదన. నేనూ అదే అన్నాను. జొన్న రెండు నెలల కూనగా మా ఇంటికి వచ్చినప్పటి నుంచి రోజూ పచ్చి బోన్‌లెస్, ఆదివారం లివర్.

నాలుగో నెలలో అది కుర్చీ ఎక్కడం మానేసింది. ఎత్తుకుంటే అరిచేది. ఒకరోజు మంచం మీద నుంచి దిగుతూ కూలబడిపోయింది. పశువుల డాక్టరు ఎక్స్‌రే తీసి వెలుతురుకు పట్టి చూపించారు. ఎముక తెల్లగా, కండ బూడిద రంగులో కనిపించాలి. జొన్న ఎక్స్‌రేలో రెండూ దాదాపు ఒకే రంగు. తొడ ఎముక దెబ్బేమీ తగలకుండానే విరిగింది.

"ఏం పెడతావన్నా దీనికి?" అని అడిగారాయన.

"మంచి చికెనే సార్. ఒక్క ఎముక ముక్క కూడా లేకుండా."

"అదే తప్పు."

మాంసంలో భాస్వరం దండిగా ఉంటుంది, క్యాల్షియం దాదాపు ఉండదు. ఎముక లేని కోడి మాంసం వంద గ్రాముల్లో భాస్వరం సుమారు 200 మిల్లీగ్రాములైతే క్యాల్షియం పది మిల్లీగ్రాముల చుట్టుపక్కల. పిల్లికి కావాల్సిందేమో రెండూ ఇంచుమించు సమానంగా, క్యాల్షియం ఒక పిసరు ఎక్కువగా. గుండె కొట్టుకోవాలన్నా నరాలు పనిచేయాలన్నా రక్తంలో క్యాల్షియం తగ్గకూడదు. తిండిలో రాకపోతే మెడ దగ్గరున్న పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి తోడి రక్తంలో పోస్తాయి. రక్తపరీక్షలో అంతా బాగున్నట్టే కనిపించవచ్చు, లోపల అస్థిపంజరం కరిగిపోతూ ఉంటుంది. పెరిగే కూనల్లో ఇది వారాల్లోనే బయటపడుతుంది. ఎలుకను తినే కూనకు ఈ గొడవే లేదు, దాని క్యాల్షియం ఎలుక ఎముకల్లోనే ఉంది.

పచ్చి మాంసం గురించిన వాదనల్లో జారిపోయే సంగతి ఇదే. పిల్లి ప్రకృతిలో తినేది ‘పచ్చి మాంసం’ కాదు, ఒక జంతువును. ముప్పై గ్రాముల ఎలుకలో కండ, కొవ్వు, ఎముక, రక్తం, కాలేయం, మెదడు, మూడింట రెండొంతుల నీళ్లు, అన్నీ లెక్క ప్రకారం ఉంటాయి. చికెన్ సెంటర్‌లో కొన్న బోన్‌లెస్ అందులో ఒక ముక్క మాత్రమే. దాన్ని పచ్చిగా పెట్టామా ఉడికించి పెట్టామా అన్నది ఆ తర్వాతి ప్రశ్న.

పచ్చి తిండిని సమర్థించేవాళ్లు ఒక పాత ప్రయోగాన్ని తరచుగా చెబుతారు. కాలిఫోర్నియాలో ఫ్రాన్సిస్ పాటింజర్ అనే డాక్టరు 1932 నుంచి 1942 దాకా దాదాపు 900 పిల్లులను గమనించాడు. పచ్చి మాంసం తిన్నవి తరతరాలుగా ఆరోగ్యంగా ఉన్నాయి, వండిన మాంసం తిన్నవి తరం మారేకొద్దీ క్షీణించాయి. వంటే విషమన్నట్టు చాలామంది దీన్ని అర్థం చేసుకున్నారు. పిల్లికి టారిన్ అనే పదార్థం తప్పనిసరని సైన్సుకు అప్పటికి తెలియదు. మన శరీరం, కుక్క శరీరం దాన్ని తయారు చేసుకోగలవు. పిల్లి శరీరం చాలినంత చేసుకోలేదు. అది లోపిస్తే పిల్లి కంటి రెటీనా చెడిపోతుందని 1975లో తేలింది. గుండె కండరం సాగి పల్చబడిపోతుందని, టారిన్ ఇస్తే చాలా పిల్లుల్లో ఆ గుండె మళ్లీ కోలుకుంటుందని 1987లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌లో పాల్ పయన్ బృందం చూపించింది. ఆ జబ్బు పడిన పిల్లులు తిన్నది కంపెనీలు అమ్మే తిండే! ప్యాకెట్ మీద ‘సంపూర్ణ ఆహారం’ అని ఉన్నంత మాత్రాన సరిపోదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది. కంపెనీలు టారిన్ పెంచాయి, ఆ గుండెజబ్బు బాగా తగ్గిపోయింది. పాటింజర్ పిల్లుల్లో కనిపించిన లక్షణాలు చాలావరకు టారిన్ లోపానికి సరిపోతాయని ఇప్పటి నిపుణులు అంటారు.

టారిన్ మంటకు అంతగా చెడదు. నీళ్లలో కరిగి బయటకు పోతుంది. చికెన్ ఉడికించి ఆ నీళ్లు సింకులో పారబోస్తే పోయేది అక్కడే. ఆ నీళ్లతోనే పెడితే చాలావరకు గిన్నెలోనే ఉంటుంది. ఇంకో సంగతి. మనం ఎక్కువ డబ్బిచ్చి కొనే బ్రెస్ట్ ముక్కలో టారిన్ బాగా తక్కువ, తొడ మాంసంలో దానికి చాలా రెట్లు ఉంటుంది. గుండెకాయ కూడా మంచిదే. పిల్లి వరకు వస్తే చవకదే మేలు.

పిల్లి శరీరం వదిలేసుకున్న పనులు ఇంకా ఉన్నాయి. క్యారెట్‌లోని పసుపు పదార్థాన్ని మనలా విటమిన్ ఎగా మార్చుకోలేదు, తయారైన విటమిన్ ఎ జంతువు కాలేయం నుంచి రావాలి. ఎండలో ఎంతసేపు పడుకున్నా చర్మంలో కావాల్సినంత విటమిన్ డి తయారు కాదు. మా ఊరి ఎండకే కాకపోతే ఇంకెక్కడా కాదు! తీపిని గుర్తించే జన్యువు కూడా పిల్లిలో పనిచేయడం మానేసిందని 2005లో కనిపెట్టారు. జొన్న మైసూర్‌పాకు నాకిందంటే అది నెయ్యి కోసం. లక్షల ఏళ్లు వేటాడి తిన్న జంతువుకు ఇవన్నీ ఎలుకలో, పిట్టలో దొరికాయి, సొంతంగా తయారు చేసుకునే అవసరం రాలేదు.

లివర్ మంచిదన్నారు కదా అని రోజూ అదే పెట్టేవాళ్లున్నారు, చవక కూడా. విటమిన్ ఎ ఒంట్లో పేరుకుపోతుంది. నెలల తరబడి లివరే తిన్న పిల్లికి మెడ దగ్గరి వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. తల తిప్పలేదు, ఒళ్లు నాక్కోలేదు. లివర్ వారానికి ఒకటి రెండు ముక్కలు, అంతే.

తుంగభద్ర ఒడ్డున ఉన్నవాళ్లం కాబట్టి చేప సంగతి కూడా. రోహు, బొచ్చె కార్ప్ కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబపు చేపలు చాలావాటిలో పచ్చిగా ఉన్నప్పుడు థయామినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది విటమిన్ బి1ను విరగ్గొడుతుంది. రోజూ పచ్చి చేపే తినే పిల్లి తల కిందికి వాలిపోయి, గడ్డం ఛాతీకి ఆనుతుంది, తూలుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. ఇక్కడ వంటదే పైచేయి.

ఇక క్రిములు. ఆదివారం పొద్దున చికెన్ సెంటర్ దగ్గర నిలబడి చూడండి. కోసిన కోడిని డ్రమ్ములో వేస్తారు, తోలు తీస్తారు, అందరి కోళ్లనూ ఒకే మొద్దు మీద ఒకే కత్తితో కొడతారు, ఒకే టబ్బు నీళ్లలో ముంచుతారు. మే నెలలో నలభై మూడు డిగ్రీలు. అంగడాయన తప్పేం లేదు. ఆ ముక్క ఎవరో ఒకరి కడాయిలో మరుగుతుందన్న ధీమా మీద నడిచే వ్యాపారమది. సాల్మొనెల్లా, క్యాంపైలోబ్యాక్టర్ ఉన్నా ఉడికితే పోతాయి. మనం ఆ ఒక్క మెట్టును తీసేసి ముక్కను నేల మీది గిన్నెలో పెడుతున్నాం. పిల్లికి ఏమీ కాకపోవచ్చు, దాని కడుపులో ఆమ్లం ఘాటైనది. కానీ దాని మలంలో ఆ క్రిములు బయటికి వస్తాయి, నాలుకతో ఒళ్లంతా పూసుకుంటుంది, మన చంటిపిల్లాడు దాన్ని కౌగిలించుకుంటాడు. ఫ్రీజర్‌లో పెడితే చస్తాయనుకోవద్దు. చలికి బ్యాక్టీరియా నిద్రపోతాయి, అంతే.

టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి మరో రకం. పచ్చి మాంసంలోంచి పిల్లికి చేరి, పేగుల్లో పెరిగి, మలంలో గుడ్లలాంటి రూపంలో బయటపడుతుంది. గర్భిణికి సోకితే కడుపులో బిడ్డకు ప్రమాదం. దీనికి భయపడి పిల్లిని వీధిలో వదిలేసినవాళ్లు నాకు తెలుసు. ఆ గుడ్లు సోకే దశకు రావడానికి కనీసం ఒక రోజు పడుతుంది. కాబట్టి లిట్టర్, అంటే పిల్లి మలవిసర్జన చేసే ఇసుక తొట్టిలోని మలం, రోజూ తీసేయడం, ఆ పని గర్భిణి కాకుండా ఇంట్లో వేరేవాళ్లు చేయడం, పిల్లికి ఉడికించిన తిండి పెట్టడం చాలు.

బర్డ్ ఫ్లూ వచ్చాక ఈ వాదన స్వరూపమే మారింది. 2024 డిసెంబర్‌లో అమెరికాలోని ఓరెగాన్‌లో ఇల్లు దాటని పిల్లి ఒకటి హెచ్5ఎన్1తో చనిపోయింది. అది తిన్న ఫ్రీజ్ చేసిన పచ్చి టర్కీ మాంసంలోనూ, దాని ఒంట్లోనూ ఉన్నది ఒకే వైరస్ అని జన్యుపరీక్షలో తేలింది. అదే కాలంలో నాగపూర్ దగ్గర గోరేవాడ రెస్క్యూ సెంటర్‌లో మూడు పులులు, ఒక చిరుత ఇదే వైరస్‌తో చనిపోయాయి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లోకి వచ్చింది. పిల్లిజాతికి ఈ వైరస్ ఎంత ప్రాణాంతకమో తెలిశాక కోడి మాంసం పచ్చిగా పెట్టమని నేను ఎవరికీ చెప్పను.

పచ్చి తిండివాళ్ల మాటల్లో ఒకటి మాత్రం నిజం: తడి. పిల్లి పూర్వీకులు ఆఫ్రికా, పశ్చిమాసియా ఎడారుల అంచుల్లోని అడవిపిల్లులు. వాటికి నీళ్లు తిండిలోనే వచ్చేవి కాబట్టి పిల్లికి దాహం తక్కువ. పొడి గుళికలు మాత్రమే తినే పిల్లి తాగాల్సినంత తాగదు. రాయలసీమ వేసవిలో మగపిల్లులకు మూత్రం బిగుసుకుంటే అది గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. తడి కోసం మాంసం పచ్చిగా ఉండనక్కర్లేదు, చారుతో ఉన్నా చాలు.

జొన్నను పంజరంలో కదలకుండా నెలన్నర ఉంచాం. తిండి మార్చాక ఎముకలు గట్టిపడ్డాయి, వంకర మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు దానికి తోలుతో సహా కోసిన తొడ మాంసం, గుండెకాయలు, కొంచెం లివర్ తక్కువ నీళ్లలో సన్నమంట మీద ఉడికించి, ఆ నీళ్లతోనే కలిపి పెడతాను. ఉప్పు, ఉల్లి, అల్లంవెల్లుల్లి ఏవీ ఉండవు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి, అందుకే మన కూర ముక్క కడిగి పెట్టినా పనికిరాదు. ఎముకల కోసం కోడిగుడ్డు పెంకులు ఉడికించి, ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పట్టిన పొడి. పెంకు దాదాపు అంతా క్యాల్షియం కార్బొనేటే. కిలో మాంసానికి ఏడెనిమిది గ్రాములు. ఉడికిన ఎముక మాత్రం ఎప్పుడూ పెట్టను, సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటుంది. టారిన్, విటమిన్ల పొడి డాక్టరు రాసిచ్చిన లెక్క ప్రకారం.

ఆ లెక్క నేనే వేసుకోగలనని మొదట అనుకున్నాను. 2019లో డేవిస్ పరిశోధకులు పుస్తకాల్లో, ఇంటర్నెట్‌లో దొరికిన 114 ఇంటి వంటకాలను పరీక్షించారని, పిల్లికి కావాల్సిన పోషకాలన్నీ పూర్తిగా ఇచ్చేది వాటిలో ఒక్కటీ లేదని చదివాక ఆ ధైర్యం పోయింది. వాటిలో కొన్ని పశువైద్యులు రాసినవే.

తిండి మార్చడం కూడా ఒక్కరోజులో అయ్యే పని కాదు. ఆకలేస్తే అదే తింటుందిలే అని పంతానికి పోకూడదు. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి, ముఖ్యంగా లావుగా ఉన్నదానికి, కాలేయంలో కొవ్వు చేరి ప్రాణం పోవచ్చు. పాతదాంట్లో చెంచాడు కొత్తది, నాలుగు రోజులకు రెండు చెంచాలు, అలా జరిపాను. పెంకు పొడి కాస్త ఎక్కువైన రోజున జొన్న గిన్నె వాసన చూసి, ఒక అడుగు వెనక్కి వేసి, వంకరకాలు ఎడంగా ఉంచుకుని, గచ్చును ముందుకాళ్లతో గీకి, లేని మట్టిని గిన్నె మీదికి తోసేది.